వేణీరచనము - వృత్తిగౌరవము

(నాయీబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన మహాసభలయందు వక్తలు సాధారణముగ ధన్వంతరి సంప్రదాయమును గూర్చియో, మంగళవాద్యమును గూర్చియో, విద్యాభివృద్ధిని గూర్చియో ప్రసంగింతురు. అవి యన్నియు వినదగినవే. నేను నేడు జడను గూర్చి మాటలాడ దలచితిని. ఇంత పెద్దసభలో ఇంత చిన్నవిషయమా యని కొందరు నవ్వవచ్చును. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న పండితునకు జడతో నేమి పని యనియు అనుకొనవచ్చును. నా పితృపితామహులు కత్తియు దువ్వెనయు చేతబట్టి సంపాదించిన ధనముతోనే నేను అమరమును, పంచకావ్యములును చదువుకొంటిని. ఆ ఋణము నాకు గలదు. కావున కేశములను గూర్చి శాస్త్రము చెప్పినదియు, లోకము చెప్పుచున్నదియు కలిపి మీ యెదుట నుంచుట నాకు విధి యనుకొందును.

మొదట మాటలను విచారింతము. మనము నిత్యము వాడు "జడ" యను మాట సంస్కృతమునందలి జటాశబ్దమునుండి వచ్చినది. తపస్వులు దువ్వక విడిచిన జట వేరు, మన ఆడుబిడ్డలు నూనె రాచి చిక్కుతీసి మూడుపాయలుగా అల్లుకొను జడ వేరు. మాట యొకటే యైనను నడుమ మానవహస్తము చొరబడినది. అమరసింహుడు తన కోశమున జుట్టునకు ఎన్నిపేర్లు చెప్పెనో, జుట్టును తీర్చు రీతులకును అంత శ్రద్ధతో పేర్లు చెప్పెను. అల్లినది వేణి, ప్రవేణి. కూర్చి కట్టినది ధమ్మిల్లము. అందముగ తీర్చినది కబరి. మన తెలుగునందును జడ, కొప్పు, సిగ, ముడి యని వేర్వేరు మాటలు గలవు. పాయ, పాపిట, సవరము, కుచ్చులు, జడగంటలు, జడబిళ్ల, రాగిడి, నాగరము మున్నగునవి యన్నియు ఆ కుటుంబములోనివే. ఏ జాతియందు ఒక పనికి ఇన్ని మాటలు పుట్టునో, ఆ జాతి ఆ పనిని తేలికగ జూడలేదని గ్రహింపవలెను. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళలలో కేశమర్దన కౌశలమును, తలపై పూలశేఖరములను కూర్చు నేర్పును చేరియున్నవి. గీతము, వాద్యము, చిత్రలేఖనము ఏ వరుసలో కూర్చున్నవో, ఈ కళలును ఆ వరుసలోనే కూర్చున్నవి.

ఇక పురాణము. అజ్ఞాతవాసమున ద్రౌపదీదేవి విరాటుని నగరము ప్రవేశించి, సుదేష్ణాదేవి యెదుట నిలిచి తన జీవనోపాయముగ ఏ విద్యను చెప్పుకొనెను? కేశములు తీర్చుట, మైపూతలు నూరుట, పూలమాలలు గ్రుచ్చుట తనకు తెలియుననియు, ముందు సత్యభామను, ద్రుపదరాజపుత్రికను సేవించితిననియు చెప్పెను. సైరంధ్రి యనగా నట్టి పని చేయు స్త్రీ. మన తిక్కన సోమయాజి విరాటపర్వమును తెనిగించి ఆ కథను తెలుగులోగిళ్లలో నిలిపెను. ఇందు మనము గమనింపవలసినది మరియొకటి గలదు. ఆ పనిలో చేరునప్పుడు ఆమె రెండు నియమములు పెట్టెను: తనకు ఎంగిలి పెట్టరాదు, తనచేత కాళ్లు కడిగింపరాదు. పని చేయుదును గాని అవమానము పడను అని దాని భావము. ఈ సభలో నేను చెప్పదలచిన సారమంతయు ఆ రెండు నియమములలో నున్నది. చేతిపనికి కూలి గలదు, గౌరవమును గలదు. కూలి యిచ్చితిని గదా యని గౌరవమును తీసివేయుటకు ఎవ్వరికిని అధికారము లేదు.

కేశములు మాటలాడును. నోరు మూసినను జడ చెప్పును. అశోకవనమున సీతాదేవి ఏకవేణీధరయై యుండెను. మేఘసందేశమున విరహిణియైన యక్షపత్నియు ఒక్క జడతోనే యున్నది. భర్త దూరమందున్నాడని ఆ తలకట్టే తెలుపుచున్నది. భట్టనారాయణుడు తన నాటకమునకు వేణీసంహారమని పేరే పెట్టెను. నిండుసభలో దుశ్శాసనుడు పట్టి యీడ్చిన కేశములను ద్రౌపది ముడువక విడిచియుంచుట, భీముడు పగదీర్చి తన నెత్తుటిచేతులతో ఆ జడను కట్టుట, ఇదియే ఆ నాటకమునకు ప్రాణము. విడిచిన జుట్టు అచట శోకముకంటె ఎక్కువ. అది ప్రతిజ్ఞ.

మన తెలుగుదేశపు సొంత ఉదాహరణము కూచిపూడి భామాకలాపము. సిద్ధేంద్రయోగి సంప్రదాయమున సత్యభామ వేషధారి తెరవెనుకనుండి తన పొడవైన జడను తెరమీదుగ వేయుట ఆచారము. ఆ జడపై నాగరము, సూర్యవంక, చంద్రవంక, కుచ్చులు మెరయుచుండును. ముఖము కనబడకముందే జడ కనబడును. విద్యలో నన్ను మించినవారున్నచో ముందుకు రండని ఆ జడ సభను సవాలు చేయును. 2012లో దివంగతులైన వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ వేషముచేతనే దేశమంతట ప్రఖ్యాతిగాంచిరి. ఒక్కజడలో అభిమానము, అహంకారము, సౌందర్యము, పాండిత్యము ఇమిడియున్నవని మన పెద్దలకు తెలియును.

అయితే జడను వేయుచేతికి, వేయించుకొను తలకు ఉన్న ఈ గౌరవమును లోకము ఎల్లప్పుడును మన్నించినదా? ఇందులకు సమాధానము మన యింటికథలోకంటె ఒక దూరదేశపు కథలో స్పష్టముగ కనబడును. కొంచెము దూరము మీరు నాతో రావలెను. అమెరికా దేశమున ఆఫ్రికాసంతతివారి జడల కథ చెప్పెదను. మన వృత్తివారికి అది పరాయికథ కాదని చివరకు మీరే యొప్పుకొందురు.

ఆఫ్రికాఖండపు ప్రజలలో పెక్కుమందికి జుట్టు బిగువైన చుట్టలుగ పెరుగును. అట్టిజుట్టు మాటిమాటికి దువ్వినచో తెగిపోవును. చిన్నచిన్న పాయలుగ విభజించి అల్లియుంచినచో చిక్కుపడక, తెగక, వారములతరబడి నిలిచియుండును. కావున జడ వారికి అలంకారము మాత్రమే కాదు, రక్ష కూడ. మనము జడను తలవెనుక వ్రేలాడునట్లు వేయుదుము. వారి ముఖ్యమైన అల్లికయో, తలచర్మమునంటి చాళ్లు తీసినట్లు నడచును. మొక్కజొన్నచేని చాళ్లను బోలియుండుటచేత ఆంగ్లమున దానిని "కార్న్‌రో" యందురు. దువ్వెనతోక కొనతో పాపిటలు గీసి, ఒక్కొక్కచాలులో మూడుపాయలు పట్టి, ప్రతిమెలికకు క్రిందనుండి మరికొన్ని వెంట్రుకలను చేర్చుకొనుచు, పాయను పాయక్రిందుగ త్రిప్పుచు ముందుకు పోవలెను. చాలు వంకరపోరాదు, బిగువు హెచ్చుతగ్గులు కారాదు. ఒక తలకు కొన్నిగంటలు పట్టును, సన్నపు అల్లికయైనచో ఒకప్పుడు దినమంతయు పట్టును. గీసిన పాపిటలలో వలయములు, నక్షత్రములు, పాముమెలికలు వంటి రూపములు తేలును. మన ముంగిట ముగ్గుపెట్టు స్త్రీ చుక్కలను మనస్సులో లెక్కించుకొని గీత సాగించినట్లే, ఆ అల్లికగత్తెయు తలమీది రూపమునంతయు మొదటి పాపిట తీయకముందే మనస్సులో చూచుకొనును. తల్లి ఒడిలో కూర్చుండి బిడ్డ నేర్చుకొను విద్య యది. బానిసలుగ ఓడలలో తరలింపబడినవారు దేశమును, భాషను, పేరును గూడ పోగొట్టుకొనిరి. వ్రేళ్లలో దాగిన ఈ విద్య మాత్రము వారితో సముద్రము దాటినది.

అట్టితలలకు అచట జరిగిన మర్యాద ఎట్టిది? 1786లో లూసియానా స్పెయినువారి యేలుబడిలో నుండగా, మీరో యను గవర్నరు, దాస్యవిముక్తలైన నల్లజాతి స్త్రీలు తలపై రుమాలు కట్టుకొని జుట్టు కప్పుకొనవలెనని శాసించెను. వారి కేశాలంకారములు పరుల కన్నులను మిక్కిలి ఆకర్షించుచున్నవని కారణము. ఆ స్త్రీలు రుమాలు కట్టుకొనిరి. కాని రంగురంగుల వస్త్రములతో, సొంపైన ముడులతో కట్టి, దానినే క్రొత్త అలంకారముగ మార్చిరి. ఆజ్ఞ నెరవేరినది, ఆజ్ఞాపించినవాని కోరిక మాత్రము నెరవేరలేదు.

1981లో న్యూయార్కునందలి ఒక న్యాయస్థానము ముందు మరియొక వ్యాజ్యెము వచ్చినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అను విమానసంస్థలో పనిచేయుచున్న రెనీ రోజర్స్ అను స్త్రీ, తాను చాళ్లజడలతో పనికి రాగూడదను నియమమును ప్రతిఘటించెను. ఆ జడలు తన జాతిసంస్కృతికి చెందినవని ఆమె వాదించెను. 1979నాటి ఒక చలనచిత్రమున తెల్లజాతి నటి అట్టిజడలు వేసికొనిన తరువాతనే ఈమె వానిని వేసికొనినదని సంస్థవారు వాదించిరి. పుట్టుకతో వచ్చినది గాక తలచినపుడు మార్చుకొనగలది గనుక జడను నిషేధింపవచ్చునని న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఎంత విచిత్రమో చూడుడు! తల్లితరమునుండి తల్లితరమునకు దిగివచ్చిన విద్యను, చలనచిత్రము చూచి నేర్చిన వేడుకగా జమకట్టిరి.

ఈ యన్యాయమును సరిదిద్దుటకు దాదాపు నాలుగు దశాబ్దులు పట్టినది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము జాతిసంబంధమైన కేశరీతులను బట్టి పాఠశాలలోగాని ఉద్యోగమునందుగాని భేదము చూపరాదని మొదటిసారిగ శాసనము చేసెను. దానికి "క్రౌన్" శాసనమని పేరు, అనగా కిరీటము. తరువాత ఇరువదికి మించిన రాష్ట్రములు ఆ దారిని పట్టినవి. దేశమంతటికిని వర్తించు బిల్లు 2022లో ప్రజాప్రతినిధిసభ దాటినను సెనేటు దాటలేదు. టెక్సాసు రాష్ట్రమున 2023 సెప్టెంబరునుండి అట్టి శాసనము అమలులోనికి వచ్చినది. అయినను అచటనే ఒక విద్యార్థిని జుట్టు పొడవుగ నున్నదని పాఠశాలవారు నెలలతరబడి తరగతికి దూరముగ నుంచగా, శాసనము అల్లికను రక్షించును గాని పొడవును రక్షింపదని 2024లో ఒక న్యాయస్థానము చెప్పినది. మన పాఠశాలలలోను బాలికలు రెండుజడలు వేసి రిబ్బనులు కట్టవలెనను నియమము గలదు. నేనును అట్టి పాఠశాలలలో పనిచేసినవాడనే. శుభ్రత కొరకును, సమానత్వము కొరకును పెట్టిన నియమమును నేను తప్పుపట్టను. నియమము బిడ్డను కించపరుచుటకు సాధనము కారాదు, అంతియే.

ఇంతవరకు చెప్పినది జడ వేసికొనువారి సంగతి. వేయువారి సంగతి ఇంకను ముఖ్యమైనది, మన వృత్తికి సూటిగ తగులునది. టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమందు ఐసిస్ బ్రాంట్లీ యను స్త్రీ గలదు. ఆఫ్రికా అల్లికలు వేయుటయే ఆమె వృత్తి. ఎరికా బాడు అను ప్రసిద్ధ గాయని తలయు ఆమె చేతిలో తీరినదే. 1997లో పోలీసులు ఆమె దుకాణముపై బడి, అనుమతిపత్రము లేక జడలు వేయుచున్నదను నేరముపై ఆమెను పట్టుకొని పోయిరి. ఆనాటి ఆ రాష్ట్రపు నియమము ప్రకారము అనుమతిపత్రమునకు 1,500 గంటల శిక్షణ కావలసియుండెను. ఆ శిక్షణలో ఏమి నేర్పుదురు? కత్తిరించుట, రంగువేయుట, రసాయనములతో జుట్టును సాగదీయుట. బ్రాంట్లీ చేయు పనిలో కత్తెర లేదు, రంగు లేదు, రసాయనము లేదు. ఆమె చేయుపనిని ఆ పాఠము నేర్పదు, ఆ పాఠము నేర్పుపనిని ఆమె చేయదు.

ఆమె వెనుకంజ వేయలేదు. 2007లో రాష్ట్రమువారు కొంత సడలించి, అల్లికకు 35 గంటల శిక్షణ చాలునని వేరుపత్రము నేర్పరచి, ఆమెకు దాని నిచ్చిరి. కాని ఆ 35 గంటల విద్యను ఆమె ఇతరులకు బోధింపదలచినచో, ఆమె బడి పూర్తి క్షురకవిద్యాలయమునకు గల నియమములన్నింటిని నెరవేర్చవలెననిరి. 2,000 చదరపుటడుగుల చోటు కావలెను, 10 క్షురకాసనములు కావలెను, తలకడుగు తొట్టెలు కావలెను. జడ అల్లువానికి వాలుకుర్చీ యెందులకు? తొట్టె యెందులకు? 2013లో ఆమె న్యాయస్థానము నాశ్రయించెను. కేవలము అల్లిక నేర్పుచు ఆ నియమములను నెరవేర్చిన ఒక్కబడినైనను చూపుడని అడుగగా రాష్ట్రమువారు చూపలేకపోయిరి. ఆ నియమములకును, ప్రజాహితమునకును హేతుబద్ధమైన సంబంధము లేదని 2015 జనవరిలో న్యాయమూర్తి శామ్ స్పార్క్స్ తీర్పుచెప్పెను. ఆ సంవత్సరమే టెక్సాసు శాసనసభ జడల అల్లికను అనుమతిపత్రముల బంధమునుండి పూర్తిగ విడిపించెను. పట్టుబడిననాటినుండి విడుదలయగుదాక 18 సంవత్సరములు! ద్రౌపది జడ పదుమూడేండ్లకు ముడివడినదందురు. ఈ వేణికి అంతకంటె ఎక్కువకాలమే పట్టినది.

మహాశయులారా, ఈ కథవలన మనకు తేలిన నీతి యేమి? నియమములే వద్దనుట నా యభిప్రాయము కాదు. ఏ పనినైనను ఆ పని స్వరూపము తెలిసి కొలువవలెను. తల యెవరిదో, ఆ తలకట్టుపై మొదటి యధికారము వారిది. చేయి యెవరిదో, ఆ చేతిపనికి కొలత నిర్ణయించునపుడు వారిమాట వినవలెను. ఈ రెండును మరచినచోట చదువుకొన్నవాడును మూఢుడే యగును, శాసనమును అపహాస్యమే యగును.

ఇక మన సంగతికి వత్తము. సత్యము చెప్పవలెనన్న, తెలుగుదేశమున జడ వేయుట మన కులవృత్తిగ ఎన్నడును లేదు. అది ప్రతియింట తల్లియు, అమ్మమ్మయు, అక్కయు చేసినపని. మన పురుషులు క్షురకర్మ, వైద్యము, మంగళవాద్యము చేసిరి. మన స్త్రీలు మంత్రసానులై ఊరిబిడ్డలను భూమిమీదికి దింపిరి. కాని నేడు కాలము మారినది. తల్లులు ఉద్యోగములకు పోవుచున్నారు, అమ్మమ్మలు వేరూళ్లలో నున్నారు. పెండ్లికూతురి పూలజడ నేడు కూలికి వేయించుకొను పనియైనది. మల్లెమొగ్గలను సూదితో గ్రుచ్చి, జడపొడవునను కుట్టి, సవరము చేర్చి, జడగంటలు వ్రేలాడదీయు నేర్పునకు పట్టణములలో మంచివెల గలదు. పెండ్లిపందిటిలో సన్నాయి మనది, డోలు మనది, వరుని మంగళక్షౌరము మనది. పెండ్లికూతురి జడ మాత్రము మనది కాకపోవలెనా? కేశములను గూర్చిన విద్య మన యింట తరతరములుగ నుండగా, పెట్టుబడి గలవారు పెద్దపెద్ద అద్దముల దుకాణములు తెరచి, మన పిల్లలను అందులో జీతగాండ్రనుగ నియమించుకొనుచున్నారు. ఇందులో తప్పు వారిది కాదు. విద్యను మనము చిన్నచూపు చూచితిమి. వారు దాని వెల తెలిసికొనిరి.

చిన్నచూపను మాట యెత్తితిని గనుక ఒక్కమాట. మన వృత్తిపేరును తిట్టుగ వాడు దురాచారము మన గ్రామములలో చిరకాలమునుండి యున్నది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మన వారిని కించపరుచు పదములను వాడరాదని ఉత్తర్వు చేసినది. తెలంగాణ ప్రభుత్వము 2021లో మన క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్లవరకు విద్యుచ్ఛక్తిని ఉచితముగ నిచ్చుటకు ఉత్తర్వు చేసినది. ఇవి సంతోషింపదగినవే. కాని పరుల నోటిని ఉత్తర్వు మూయవచ్చును, మన మనస్సులోని సిగ్గును ఏ ఉత్తర్వు తీసివేయగలదు? పదవతరగతి చదివిన మనబిడ్డ తండ్రి వృత్తి యేమని యడిగినపుడు తలవంచుకొనుట నేను తరగతిగదిలో ఎన్నిమార్లో చూచితిని. అట్టిబిడ్డలకు నేను ఉపాలి కథ చెప్పుచుండెడివాడను. ఉపాలి శాక్యరాజకుమారులకు క్షురకుడు. ఆ రాజకుమారులు బుద్ధభగవానుని యొద్ద దీక్ష గైకొనునపుడు, తమ రాజగర్వమణగుటకై ఉపాలికే ముందు దీక్ష నిమ్మని వేడిరి. ముందు దీక్షితుడైనవానికి తరువాతివారు మ్రొక్కవలెను గదా! బుద్ధనిర్వాణానంతరము జరిగిన మొదటి సంగీతిలో వినయనియమములన్నియు ఉపాలినోటనే వెలువడినవి. కత్తి పట్టిన చేయి ధర్మమును పట్టుటకు తగదని ఎవరనగలరు?

జడతో మన వృత్తికి మరియొక సంబంధము గలదు. తిరుమల కల్యాణకట్టలో మన వారు భక్తుల తలనీలాలు తీయుచున్నారు. నేడు అచట స్త్రీలును క్షురకులై స్త్రీభక్తులకు సేవచేయుచున్నారు. ఆ తలనీలాలను దేవస్థానమువారు పొడవును బట్టి తరగతులుగ విభజించి వేలము వేయుదురు. అవి విదేశములకు పోయి కృత్రిమకేశములుగ, సవరములుగ మారి, ఎందరి తలలపైననో అలంకారమగుచున్నవి. కావున సముద్రమునకు ఆవల కేశములు తీర్చు స్త్రీ చేతిలోనికి మన కొండమీది జుట్టు చేరుట వింతకాదు. తీసినచేయి మనది, అల్లినచేయి ఆమెది, నడుమ లాభము పొందువారు వేరు. ముడిసరకు మనయొద్ద నుండియు, విద్య మనయొద్ద లేకున్న ఫలము మనకు దక్కదని దీనివలన తెలియవలెను.

విద్య యనగా వ్రేళ్లనేర్పు మాత్రమే కాదు. జడను మిక్కిలి బిగువుగ లాగి యల్లినచో, బహుకాలమునకు నుదుటియంచునను, కణతలయొద్దను వెంట్రుకలు ఊడి బట్టతల వచ్చును. మొదట గుర్తించినచో బిగువు తగ్గింపగనే మరల మొలచును. ఉపేక్షించినచో కుదుళ్లు నశించి మరల రావు. జడ వేసిన తరువాత తల నొచ్చినను, కుదుళ్లయొద్ద చిన్నపొక్కులు లేచినను, అది బిగువెక్కువైనదని జుట్టు చెప్పుమాట. బరువైన సవరము, బరువైన నాగరము నిత్యము ధరింపరాదు. తడిజుట్టును బిగించి యల్లరాదు. ఒకరితల దువ్విన దువ్వెనను శుభ్రపరుపక మరియొకరి తలకు తాకింపరాదు. పేలు, గజ్జి, తామర ఉన్నచో అల్లిక మాని వైద్యుని యొద్దకు పంపవలెను. ధన్వంతరి పేరు చెప్పుకొను మనము ఈ మాత్రము వైద్యమైనను తెలియక దువ్వెన పట్టరాదు. ప్రభుత్వమువారు నియమములు చేయుదురేని ఇట్టివానిని చేయవలెను. వారు చేయకముందే మనమే చేసికొనుట మనకు గౌరవము.

చివరిగ ఈ మహాసభకు నాలుగు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: మన విద్యార్థివసతిగృహములు, సంఘభవనములు ఉన్న పట్టణములలో సెలవుదినములందు కేశాలంకారవిద్య నేర్పు తరగతులు పెట్టవలెను. అందు బాలికలకు ముందుచోటు ఈయవలెను. బాలురకును తలుపు మూయరాదు.

రెండవది: మన వృద్ధస్త్రీలను అడిగి, వారికి తెలిసిన జడలపేర్లను, కొప్పులపేర్లను, అల్లురీతులను, వాడిన నూనెలను, మూలికలను వ్రాసియుంచవలెను. ఒక వృద్ధురాలు పోయినపుడు ఆమెతో కొన్నిజడలును పోవుచున్నవి. వచ్చు సంవత్సరపు సంచికలో ఆ పట్టిక అచ్చగునేని నేను ధన్యుడను. పదముల అర్థనిర్ణయమునకు నా శక్తికొలది తోడ్పడుదును.

మూడవది: వదాన్యులకు. వారు ప్రతిసంవత్సరము పుస్తకములకును, పరీక్షాశుల్కములకును ధనమిచ్చుచున్నారు. అందు కొంత తీసి, ఈ విద్య నేర్చిన పేదబాలికకు ఒక అద్దము, ఒక కుర్చీ, దువ్వెనలు, ఒక సంవత్సరపు దుకాణపు అద్దె సమకూర్చుడు. పుస్తకము కొనియిచ్చిన పుణ్యమునకు ఇది తక్కువకాదు.

నాలుగవది: తల్లిదండ్రులకు. మీబిడ్డ వైద్యుడు కావలెనన్న కానిండు, న్యాయవాది కావలెనన్న కానిండు. అందులకు మన సంఘము శాయశక్తుల తోడ్పడును. కాని కేశములు తీర్చు వృత్తినే స్వేచ్ఛగ కోరుకొన్న బిడ్డను "ఇంత చదివి ఇదియేనా" యని గద్దింపకుడు. ఏ పని చేయుచున్నావని అడుగుటకుముందు, ఆ పనిలో ఎంత నేర్పు సంపాదించితివని అడుగుడు.

సైరంధ్రి పెట్టిన నియమములను మన బిడ్డలును పెట్టగలుగు దినము రావలెను. తన విద్య తనకు తెలిసి, దాని వెల తనకు తెలిసి, "కేశములు తీర్చెదను, అవమానము సహింపను" అని తలయెత్తి చెప్పగలవానికి ఏ సభలోను చోటు తక్కువ కాదు. అట్టి బిడ్డలను పెంచు భాగ్యము మన సంఘమునకు కలుగుగాక! 

స్వస్తి.